మూకీ నటుడి కథ రాస్తున్న అమ్మాయికి

గవర్నర్‌పేట,
విజయవాడ.

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నీవు పంపిన కథను రెండుసార్లు చదివాను. మలివయసులో అరుగుమీద కూర్చుని తన మూకీ చిత్రాల రోజులను తలచుకునే నటుణ్ణి కథకు ఎంచుకున్నందుకు ఎంతో సంతోషించాను. ఆ మనుషులను మనం చాలా తొందరగా మరచిపోయాం. అయితే నీ నటుడు మొదటి పేజీ నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ వచ్చిందనీ, 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెరకు మాట వచ్చిందనీ మనవడికి పాఠం చెబుతున్నాడు. సంవత్సరాలు సరిగ్గానే ఉన్నాయి, కాని తన బతుకును ఎవరూ అలా తలచుకోరు.

అతని వృత్తిని ఒకసారి ఊహించు. ఆ రోజుల్లో మన ప్రాంతంలో నటుడంటే పద్యం పాడేవాడు. హార్మోనియం శ్రుతిలో రాగం తీసి, జనం వన్స్‌మోర్ అంటే అదే పద్యాన్ని మళ్లీ ఎత్తుకునేవాడు. అటువంటి రంగస్థలం నుంచి కెమెరా ముందుకు వచ్చిన మనిషికి, అన్నం పెట్టిన గొంతే అక్కరకు రాకుండా పోయింది. అప్పటి ఫిల్ము ఎరుపును పట్టలేదు కనుక పెదవుల ఎర్రరంగు తెరమీద నల్లగా కనిపించేది. కెమెరాను చేత్తో తిప్పేవారు కనుక, తిప్పే వేగాన్నిబట్టి అతని నడక తెరమీద మారిపోయేది. మాటలు టైటిల్ కార్డులమీద వచ్చేవి. చదువురాని ప్రేక్షకుల కోసం తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. మన బెజవాడ మారుతీ హాలువంటి చోట, నేల టికెట్టులో జనం మధ్య కూర్చుని, తన ముఖానికి ఎవరో పరాయి మనిషి గొంతు అరువివ్వడం నీ నటుడు ఎన్నడైనా విన్నాడా? నీ కథలో లేనిది ఆ ఘట్టమే.

జ్ఞాపకాన్ని అతని ఒంట్లో వెతుకు. హాలీవుడ్ మూకీల నటి లిలియన్ గిష్ 1920 నాటి చిత్రం కోసం కదిలే మంచుపలకమీద పడుకుని, చేతిని గడ్డకట్టించే నీటిలో వేలాడదీసింది. ఆ చేయి తనను జీవితాంతం బాధించిందని తరువాత చెప్పుకుంది. అక్కడి హాస్యనటుడు బస్టర్ కీటన్ 1924 చిత్రంలో నీటిధార ఉధృతికి రైలు పట్టాలమీద పడితే, మెడ ఎముక విరిగిన సంగతి ఏళ్లు గడిచాక ఎక్స్‌రేలో బయటపడింది. వారి చిత్రాలైనా మిగిలాయి. మన మూకీలలో అత్యధిక భాగం ఈనాడు లేనే లేవు. ఆ నైట్రేట్ ఫిల్ము నిప్పుకు ఇట్టే అంటుకునేది, దాచినా చివికి పొడి అయ్యేది. మనవడికి చూపించడానికి నీ నటుడి దగ్గర ఒక్క రీలు కూడా ఉండదు, అతని చేతులు తప్ప.

నా చిన్నతనంలో మా వీధిలో ఒక వృద్ధ నాటక నటుడు ఉండేవాడు. పళ్లూడి మాట తెలిసేది కాదు. కాని పద్యం గుర్తుకు వచ్చిన క్షణంలో, భుజాన లేని ఉత్తరీయాన్ని అతని కుడిచేయి సర్దేది. నాకు రాయడం నేర్పింది ఆ చేయేనని ఇప్పటికీ నమ్ముతాను.

చివరి పేజీలోని సన్మాన సభను తీసివేయి. తిరగరాసిన ప్రతితో ఒక ఆదివారం బండెక్కి రా. ఆ చేయి ఎలా కదిలేదో ఉత్తరంలో రాయలేకపోతున్నాను, వచ్చినప్పుడు చూపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు