ఆర్‌ఎన్‌ఏ మార్పుల మీద పీహెచ్‌డీ చేస్తే అకడమిక్ కెరీర్ నిలబడుతుందా?

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయ్యాక ఆర్‌ఎన్‌ఏ మోడిఫికేషన్స్ (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల మీద కణం చేసే చిన్న చిన్న రసాయన మార్పులు) మీద పీహెచ్‌డీ అవకాశం వచ్చిందనీ, కోవిడ్ వ్యాక్సిన్ల వల్ల వచ్చిన ఈ ఊపు తగ్గితే ఏమిటన్నది మీ టెన్షన్ అనీ రాశారు. నా పీహెచ్‌డీ, ఆ తర్వాతి పోస్ట్‌డాక్ పరిశోధన రెండూ ఈ రంగంలోనే. ఇప్పుడు ప్రొఫెసర్‌గా నా ల్యాబ్ పనంతా టీ-ఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏ) మీదే. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఊపు గురించి బెంగ అక్కర్లేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజుల్లో కూడా ఈ పని ఆగలేదు. ఆర్‌ఎన్‌ఏలో యురిడిన్ అనే అక్షరం రూపు మారితే వచ్చే సూడోయురిడిన్ 1950ల్లోనే దొరికింది. ప్రొటీన్ తయారీకి సందేశం మోసే ఎం-ఆర్‌ఎన్‌ఏలో ఎం6ఎ (ఎ అక్షరానికి మిథైల్ గుర్తు తగిలిన రూపం) ఉందని 1974లోనే తెలుసు. కానీ ఎఫ్‌టీవో అనే ఎంజైమ్ ఆ మిథైల్ గుర్తును తీసేయగలదని రసాయన శాస్త్రవేత్త చువాన్ హే బృందం 2011లో చూపించాకే జనం ఇటు పరుగెత్తారు. సూడోయురిడిన్ లాంటి మార్పులున్న ఆర్‌ఎన్‌ఏ రోగనిరోధక వ్యవస్థను అంతగా రెచ్చగొట్టదని కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ అనే శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించారు. ఆ వ్యాక్సిన్లకు దారి వేసిన ఈ పనికి నోబెల్ వచ్చింది 2023లో. గుర్తింపు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు, అందుకే దాన్ని లెక్కలో పెట్టుకుని రంగం ఎంచుకోవద్దంటాను.

మీరు అడగాల్సిన అసలు సంగతి వేరే ఉంది. చేరబోయే ల్యాబ్, ఒక మార్పు నిజంగా అక్కడ ఉందని రుజువు చేయగలదా? ఈ రంగంలో పేరు నిలిచేదీ పోయేదీ అక్కడే.

సూడోయురిడిన్‌నే తీసుకోండి. దాని బరువు, యురిడిన్ బరువు ఒకటే, రెండూ 244 డాల్టన్లు. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో బరువు మాత్రమే చూస్తే తేడా తెలియదు. అణువును విరగ్గొట్టి చూడాలి. యురిడిన్‌లో చక్కెర భాగం తేలిగ్గా ఊడిపోయి బేస్ అనే రెండో భాగం మిగులుతుంది. సూడోయురిడిన్‌లో ఆ రెంటి మధ్య ఉన్నది కార్బన్-కార్బన్ బంధం కాబట్టి అది అలా ఊడదు, చక్కెర వలయమే ముక్కలవుతుంది. ఆ ముక్కల వరుసను మొదటిసారి తెర మీద చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఎ అక్షరం మీదే మరోచోట మిథైల్ తగిలిన ఎం1ఎ ఇంకా గడుసుది. క్షార ద్రావణంలో వేడి చేస్తే అదే ఎం6ఎగా మారిపోతుంది. అంటే శాంపిల్ తయారీలోనే లేని ఎం6ఎ పుట్టుకొస్తుంది!

మా ల్యాబ్‌లో ఒక విద్యార్థినికి ఎం-ఆర్‌ఎన్‌ఏలో ఒక మార్పు తాలూకు చక్కటి పీక్ (గ్రాఫ్‌లో పైకి లేచే శిఖరం) వచ్చింది. ల్యాబ్ అంతా సంబరపడ్డాం. శాంపిల్‌ని మరోసారి శుద్ధి చేయమన్నాను, పీక్ తగ్గింది. ఇంకోసారి చేస్తే దాదాపు మాయమైంది. కణంలో ఇలాంటి మార్పులున్న టీ-ఆర్‌ఎన్‌ఏ, రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఎక్కువగా ఉంటాయంటే, వాటి జాడ కాస్త మిగిలినా చాలు, ఫలితం తప్పుదారి పడుతుంది. ఆ అమ్మాయి చాలా బాధపడింది. కానీ ఆ జాగ్రత్త ఆమెకు అలవాటైంది, తర్వాత ఆమె చూపించిన ఏ ఫలితాన్నీ రివ్యూయర్లు కదపలేకపోయారు.

కెరీర్ సంగతి దాచకుండా చెబుతాను. పోస్ట్‌డాక్ దశ అన్నింటికంటే కష్టం. జీతం తక్కువ, కాంట్రాక్టు చిన్నది, ఇంట్లోవాళ్లకు సర్దిచెప్పలేక అలసిపోతాం. ఫ్యాకల్టీ పోస్టులు అర్హులందరికీ సరిపోవు. అయితే మాస్ స్పెక్, సీక్వెన్సింగ్ డేటా విశ్లేషణ, ఎంజైమాలజీ, వీటిలో ఏ రెండు గట్టిగా వచ్చినా కంపెనీల్లోనూ పని దొరుకుతుంది. ఎం-ఆర్‌ఎన్‌ఏ మందులు తయారుచేసే చోట ఈ కొలతలు తెలిసినవాళ్లు కావాలి.

నాకైతే ఈ పనిలో విలువ మరోచోట కనిపిస్తుంది. మెలాస్ అనే మైటోకాండ్రియా జబ్బులో, లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీ-ఆర్‌ఎన్‌ఏలో ఒక్క అక్షరం మారడం వల్ల యాంటికోడాన్ (ఎం-ఆర్‌ఎన్‌ఏ సందేశాన్ని చదివే భాగం) దగ్గర ఉండాల్సిన, టారిన్ అనే పదార్థంతో ఏర్పడే మార్పు పడదు, దాంతో కొన్ని కోడాన్లను (సందేశంలోని మూడక్షరాల మాటలను) చదవడం దెబ్బతింటుంది. ఒక చిన్న రసాయన గుర్తు లేకపోతే ఒక పిల్లవాడికి పక్షవాతం లాంటి అటాక్‌లు ఎందుకొస్తాయో అర్థం చేసుకోగలగడం చిన్న విషయం కాదు.

సీటు ఒప్పుకునే ముందు గైడ్‌ని మూడు విషయాలు అడగండి. మాస్ స్పెక్ సొంతమా, వేరేచోట వంతు కోసం ఆగాలా? ఆ మార్పును పెట్టే ఎంజైమ్‌ను తీసేసిన కణాలు పోల్చి చూడటానికి కంట్రోల్‌గా ఉన్నాయా? నెగటివ్ ఫలితం వస్తే థీసిస్‌లో రాయనిస్తారా? మూడోదానికి జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే మాత్రం ఇంకో ల్యాబ్ చూసుకోండి.