ఏమడిగినా ‘బాగానే ఉన్నానమ్మా’ అంటాడు

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. వైద్య విద్యకు వెళ్తాడని మేం ఆశ పెట్టుకుంటే, కాలేజీ చదువు మధ్యలో ఆపి అమెరికా నౌకాదళంలో చేరి హాస్పిటల్ కోర్‌మన్ (వైద్య సహాయకుడు) అయ్యాడు. ఏడాదిపాటు నౌకాదళ ఆసుపత్రి వార్డులో పనిచేశాడు. ఇప్పుడు మెరైన్ల (సముద్రం మీదుగా వెళ్లి నేలపై పోరాడే సైనికుల) దళంలో వేసి, వాళ్లతో పాటు ఓడ మీద పంపారు. మావారు ‘వైద్యం చేసేవాడికి ప్రమాదమేముంటుంది’ అని కొట్టిపారేస్తారు. బంధువుల్లో కొందరు ‘అంటే కాంపౌండరా?’ అని అడుగుతారు. వాడేమో ఏమడిగినా ‘బాగానే ఉన్నానమ్మా’ అని మాట తప్పిస్తాడు. ఒక్కోసారి మూడు వారాలైనా కబురు ఉండదు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇంత దూరం నుంచి వాడికి మేం ఎలా అండగా ఉండాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీవారి మాటను తీసుకుంటాను. ఆయన మిమ్మల్ని ఊరడించాలనే అలా అంటున్నారు గాని, ఆ మాట మీ అబ్బాయి చెవిన పడితే అతని పనిని తేలిక చేసినట్టే అవుతుంది. అమెరికా మెరైన్ దళానికి సొంత వైద్య సిబ్బంది ఉండరు. వారికి నౌకాదళమే కోర్‌మన్లను పంపుతుంది. అందుకోసం వారికి కాలిఫోర్నియాలోని క్యాంప్ పెండిల్టన్‌లోనో, నార్త్ కరొలైనాలోని క్యాంప్ లెజూన్ ప్రాంతంలోనో ప్రత్యేక శిక్షణ ఇస్తారు. ఆ తరువాత కోర్‌మన్ తన ప్లటూన్‌తో, అంటే చిన్న సైనిక బృందంతో, నడుస్తాడు, వారు పడుకున్న చోటే పడుకుంటాడు, వారు మోసే బరువుకు అదనంగా మందుల సంచీ మోస్తాడు. 1949 నాటి జెనీవా ఒప్పందాలు సైనిక వైద్య సిబ్బందికి రక్షణ కల్పించాయి. తనను, తన సంరక్షణలో ఉన్న క్షతగాత్రులను కాపాడుకోవడానికి ఆయుధం పట్టే హక్కు కూడా ఇచ్చాయి. అయితే కాల్పులు జరిగేచోట గాయపడినవాడి దగ్గరకు వెళ్లవలసినవాడు కోర్‌మనే కనుక, ప్రమాదం లేదనడం నిజం కాదు. అలాగని రోజూ ప్రమాదమే అనుకోవడమూ నిజం కాదు. యుద్ధం లేని కాలంలో అతని దినచర్యలో ఎక్కువ భాగం టీకాలు వేయడం, బెణికిన మడమలు, పొక్కులెక్కిన పాదాలు, వడదెబ్బలు చూసుకోవడం, ఆరోగ్య రికార్డులు సరిచేయడం, రక్తం ధారగా పోతుంటే టూర్నికే (రక్తం ఆపే పట్టీ) ఎలా బిగించాలో మెరైన్లకు నేర్పించడం. ఈ రెండు నిజాలూ తెలిసిన ఇల్లు అతనికి కావాలి.

ఇక ‘కాంపౌండరా?’ అన్న మాట. దాన్ని మీరు నవ్వి ఊరుకోవద్దని నా సలహా. అలాగే గౌరవం కోసం ‘మావాడు నేవీలో డాక్టరు’ అని చెప్పుకోవద్దు, ఎందుకంటే అతనికి అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. తాను సంపాదించుకున్న పేరు తల్లిదండ్రులకు సరిపోలేదని అతనికి అర్థమవుతుంది. కోర్‌మన్ల విభాగమైన హాస్పిటల్ కోర్ 1898 జూన్ 17న, అధ్యక్షుడు మెకిన్లీ చట్టంపై సంతకం చేయడంతో ఏర్పడింది. ఆ పని ఎంతటిదో చెప్పడానికి 1942 సెప్టెంబరు 11 నాటి ఒక సంఘటన చాలు. సీడ్రాగన్ అనే జలాంతర్గామి శత్రువుల ఆధీనంలోని జలాల్లో ఉండగా ఒక నావికుడికి అపెండిసైటిస్ వచ్చింది. జలాంతర్గామిలో డాక్టరు లేడు. ఉన్నవాడల్లా వీలర్ లైప్స్ అనే వైద్య నావికుడు. ఆపరేషన్లలో సహాయకుడిగా నిలబడ్డాడే తప్ప తానుగా ఎన్నడూ చేయలేదు. అధికారులు భోజనం చేసే బల్లే శస్త్రచికిత్స బల్ల అయింది, కోసిన చోటును తెరిచి పట్టుకోవడానికి వంచిన చెంచాలు పనికొచ్చాయి, మత్తు ఇవ్వడానికి టీ వడగట్టే జల్లెడ ముసుగుగా మారింది. రోగి బతికి మళ్లీ విధుల్లో చేరాడు. ఈనాటికీ అమెరికా జలాంతర్గాములలో సాధారణంగా డాక్టరు ఉండడు. అదనపు శిక్షణ పొందిన ఇండిపెండెంట్ డ్యూటీ కోర్‌మనే సిబ్బంది అందరికీ దిక్కు. మెరైన్లు తమ కోర్‌మన్‌ను ‘డాక్’ అని పిలుస్తారు. అది హోదాతో వచ్చే పిలుపు కాదు, వారి నమ్మకం పొందాకే వస్తుంది. కనుక బంధువులు అడిగినప్పుడు ‘కోర్‌మన్’ అనే పదాన్నే వాడి, అతను చేసే పనేమిటో నాలుగు మాటల్లో చెప్పండి.

అసలు మీ నిద్ర పోగొడుతున్నది అతని మౌనం. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ మౌనానికి ఒకటి కంటే ఎక్కువ కారణాలు ఉంటాయి, వాటిలో కొన్ని అతని చేతిలో లేవు. ఓడ కదలికలు బయటకు పొక్కకుండా ఉండేందుకు కొన్నిసార్లు ఓడ నుంచి ఈమెయిల్, ఫోన్ రెండింటినీ పూర్తిగా ఆపేస్తారు; నావికులు దాన్ని ‘రివర్ సిటీ’ అంటారు. అది గంటలు సాగవచ్చు, రోజులు సాగవచ్చు, ముందుగా చెప్పరు. అందుచేత కబురు లేకపోవడమే చెడ్డ కబురు కాదు. సైనికుడు మరణిస్తే గాని, గల్లంతైతే గాని, ఆ సంగతిని యూనిఫారంలో ఉన్న అధికారులు ఇంటికి వచ్చి స్వయంగా తెలియజేస్తారు. ఎవరి ఇంటికి వెళ్లాలన్నది అతను నింపిన ‘రికార్డ్ ఆఫ్ ఎమర్జెన్సీ డేటా’ పత్రంలో ఉంటుంది. మీరు ఇల్లు మారినా, ఫోన్ నంబరు మార్చినా ఆ పత్రంలో మార్పించమని అతనికి ఒక్కసారి గుర్తుచేయండి. ‘మీ అబ్బాయికి గాయమైంది, వెంటనే డబ్బు పంపండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం అది మోసమేనని తెలుసుకోండి.

మౌనంలో మరొక భాగం రోగులకు చెందినది. తన దగ్గరకు వచ్చినవారి జబ్బులు, గాయాలు, ఏడుపులు బయట చెప్పకూడదన్నది అతని వృత్తి నియమం, చట్టం కూడా. నౌకాదళంలో మరోచోట ఉండే స్నేహితుడికి చెప్పుకోగలిగినదాన్ని కూడా అతను అమ్మకు చెప్పలేకపోవచ్చు. ఇవి రెండూ పోగా మిగిలేది, తాను చూసినదాన్ని మీ మీద పెట్టకూడదనే ప్రేమ. ‘బాగానే ఉన్నానమ్మా’ అన్న మాటలో ఈ మూడూ కలిసే ఉంటాయి. దాన్ని విప్పించాలని పట్టుపట్టకండి.

ఫోన్ కలిసిన అయిదు నిమిషాల్లో ‘అక్కడ ఏం జరుగుతోంది, ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు’ అని అడిగితే అతను జవాబివ్వలేని ప్రశ్నలతోనే సమయం అయిపోతుంది. నిద్ర ఎలా పడుతోందని, తనతో ఉండేవాళ్లు ఎలాంటివాళ్లని, ఈమధ్య ఏం చదువుతున్నాడని అడగండి. ఇంటి సంగతులు చిన్నవైనా చెప్పండి. రోజంతా ఇతరుల నొప్పి వినేవాడికి మామూలు మాట ఎంత విశ్రాంతినిస్తుందో మనం ఊహించలేం. మీ భయాన్ని దాచుకోమని నేను అనను, కానీ ప్రతి ఫోనులోనూ అతని ముందు ఏడిస్తే, అతను చూసుకోవలసిన రోగుల వరుసలో మీరూ చేరతారు. ఆ ఏడుపు మీవారి దగ్గరో, ఇదే స్థితిలో ఉన్న మరో తల్లి దగ్గరో పెట్టుకోండి. జవాబు అక్కర్లేదని మొదటి వాక్యంలోనే రాసి ఈమెయిళ్లు పంపుతూ ఉండండి. ఈమెయిల్ మళ్లీ తెరుచుకున్న రోజున అవన్నీ ఒకేసారి చదువుకుంటాడు. ఓడ చిరునామాకు, అంటే ఎఫ్‌పీఓకు (నౌకాదళ తపాలా), చేత్తో రాసిన ఉత్తరాలు కూడా పంపండి. చేరడానికి వారాలు పట్టినా అవి చేతిలో ఉంటాయి, మళ్లీ తీసి చదువుకోవచ్చు. అతను నోరుజారి ఓడ బయలుదేరే తేదీయో, చేరే రేవో చెబితే దాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం మౌనాన్ని గౌరవించి ఊరుకోకూడదు. అందరూ తమ బాధను డాక్ దగ్గరకు తెచ్చుకుంటారు గనుక, తన బాధ చెప్పుకోవడం చేతగానితనమని కోర్‌మన్ అనుకునే ప్రమాదం ఉంది. కాపాడలేకపోయిన ఒక్క మనిషి ముఖం ఏళ్లతరబడి వెంటాడవచ్చు. అతను చిన్నదానికే విసుక్కుంటున్నా, తాగుడు పెరిగినా, నిద్రకు దూరమైనా, తానుండి ప్రయోజనం లేదన్నట్టు మాట్లాడినా, డొంకతిరుగుడు లేకుండా అడగండి: ‘చనిపోవాలని ఆలోచిస్తున్నావా?’ అలా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. చెప్పుకునే దారి దొరుకుతుంది. అమెరికాలో 988కి ఫోన్ చేసి 1 నొక్కితే సైనికులు, మాజీ సైనికుల కోసం ఉన్న సహాయ కేంద్రం పగలూ రాత్రీ పలుకుతుంది, కుటుంబసభ్యులు కూడా చేయవచ్చు. ఇంతదాకా రాని పరిస్థితిలో నౌకాదళ చాప్లెయిన్ మంచి దారి. ఆయన మతగురువే అయినా ఏ మతంవారైనా వెళ్లవచ్చు, విన్నమాటను పై అధికారులకు చెప్పనక్కర్లేని పూర్తి గోప్యత ఆయనకు ఉంది. సైనికులకు, వారి కుటుంబాలకు సాయపడే మిలిటరీ వన్‌సోర్స్ ద్వారా ఉచిత కౌన్సెలింగ్ కూడా దొరుకుతుంది.

చదువు గురించి మీకు దిగులు ఉందని ఉత్తరంలో కనిపించింది. సర్వీసులో ఉండగానే కాలేజీ ఫీజుకు ట్యూషన్ అసిస్టెన్స్ ఉంది, నర్సింగ్ డిగ్రీ చేసి అధికారిగా మారే పథకం ఉంది, తరువాత జీఐ బిల్లు (సైన్యంలో పనిచేసినవారి చదువుకు ప్రభుత్వ సాయం) ఉంది. అవన్నీ అతనికి తెలుసు. తానై ఆ ప్రసక్తి తెచ్చేవరకు మీరు ఎత్తకండి.

ప్రశ్న: మా తమ్ముడు కూడా కోర్‌మనే. నాన్నగారికి గుండె ఆపరేషన్ చేయాలంటున్నారు. తమ్ముడికి ఈమెయిల్ పెడితే చాలా, నౌకాదళానికి వేరే చెప్పాలా?
— ఒక అక్క

జవాబు: ఈమెయిల్ పెట్టండి, కానీ దాని మీదే ఆధారపడకండి. అమెరికన్ రెడ్‌క్రాస్‌కు ఫోన్ చేసి అత్యవసర సందేశం పంపమని అడగండి. ఈ సేవ ఉచితం, రోజంతా అందుబాటులో ఉంటుంది. మీ తమ్ముడి పూర్తి పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, యూనిట్ లేదా ఓడ పేరు, దాంతోపాటు నాన్నగారి ఆసుపత్రి, డాక్టరు వివరాలు ముందుగానే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రెడ్‌క్రాస్ ఆసుపత్రిని అడిగి సంగతి నిర్ధారించుకున్నాకే కమాండ్‌కు, అంటే అతని పై అధికారులకు, చేరవేస్తుంది గనుక, అలాంటి ఫోన్ వస్తుందని డాక్టరుగారి కార్యాలయంలో చెప్పి ఉంచితే ఆలస్యం తగ్గుతుంది. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది కమాండింగ్ ఆఫీసరు నిర్ణయం, రెడ్‌క్రాస్ చేతిలో లేదు. చిన్న ఓడ మీద కోర్‌మన్లు కొద్దిమందే ఉంటారు. అతని స్థానంలో మరొకరు దొరికేదాకా పంపలేకపోవచ్చు. ఈ సంగతి నాన్నగారికి ఆపరేషన్‌కు ముందే నెమ్మదిగా చెప్పి ఉంచండి. సెలవు దొరికి ప్రయాణ ఖర్చుకు ఇబ్బందైతే, 1904 నుంచి పనిచేస్తున్న నేవీ-మెరైన్ కోర్ రిలీఫ్ సొసైటీ వడ్డీలేని అప్పు ఇస్తుంది. దానికి మీ తమ్ముడే దరఖాస్తు పెట్టుకోవచ్చు.