బెల్టుతోపాటు వాటర్ పంపు కూడా మార్చాలా?

ప్రశ్న: మాది 2012 మహీంద్రా వెరిటో డీజిల్ కారు, 1.10 లక్షల కిలోమీటర్లు తిరిగింది. టైమింగ్ బెల్టు ఇంతవరకు మార్చలేదు. లీకేజీ ఏమీ లేని వాటర్ పంపు కూడా మార్చాలంటున్నాడు మెకానిక్. అవసరమా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అవసరమే. ఈ 1.5 లీటర్ల ఇంజన్లో వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా కదిలేలా చూసే టైమింగ్ బెల్టే పంపునూ తిప్పుతుంది. రేపు పంపు బేరింగ్ పట్టేస్తే బెల్టు పళ్లు ఊడతాయి, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, ఇంజన్ పైభాగమైన హెడ్డు దించాల్సిందే. పంపు నుంచి కూలెంట్ (ఇంజన్ను చల్లబరిచే ద్రవం) కారినా బెల్టు పాడవుతుంది. పైగా పంపు కోసం మళ్లీ ఇదంతా విప్పాలి, కూలీ రెండుసార్లు. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టు కూడా కొత్తవే వేయించండి. రబ్బరు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతోనూ పాడవుతుంది కాబట్టి బెల్టు మార్చేదాకా దూర ప్రయాణాలు వద్దు.

పని ఇంజన్ చల్లారాకే మొదలవ్వాలి. వాల్వులను నడిపే క్యామ్ పుల్లీకి, క్రాంకుకు కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ పిన్నులు తప్పనిసరి. పెయింటు గుర్తులతో సరిపెట్టనివ్వకండి. అయితే ఆ పిన్నుల ఆసరాతో క్రాంక్ బోల్టు విప్పకూడదు, వంగిపోతాయి. పంపు కూర్చునే చోట పాత గ్యాస్కెట్ (కారకుండా మధ్యలో వేసే పొర) ముక్కలు పూర్తిగా గీకాలి. బెల్టు వేశాక పిన్నులు తీసి, స్పానరుతో క్రాంకును సవ్యదిశలో రెండు పూర్తి చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ సరిగ్గా దిగుతున్నాయో చూడాలి. మధ్యలో గట్టిగా అడ్డుకుంటే బలవంతం చేయకుండా ఆపేయాలి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసి, కూలెంట్ గొట్టాల్లో చిక్కుకున్న గాలి తీయించండి.