ఐసెన్‌హోవర్ కొట్టేసిన వాక్యం

తమ్ముడూ,

ఐసెన్‌హోవర్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా శ్రమపడ్డావు. 1890లో టెక్సస్‌లో పుట్టడం, కాన్సస్‌లోని అబిలీన్‌లో పెరగడం, 1915లో వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీ నుంచి బయటికి రావడం, 1953 నుంచి 1961 దాకా అమెరికా అధ్యక్షుడిగా ఉండడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ 'కర్తవ్యనిష్ఠకు మారుపేరు', 'శాంతిదూత' లాంటి మాటలు పేజీకి నాలుగైదు దొర్లాయి. సన్మానపత్రం చదువుతున్నట్టుంది. అవన్నీ తీసెయ్. ఆయన కర్తవ్యం అంటే ఏమనుకున్నాడో చెప్పడానికి ఒక చిన్న చీటీ చాలు.

రెండో ప్రపంచ యుద్ధంలో, నాజీల చేతుల్లో ఉన్న ఫ్రాన్స్ తీరం నార్మండీ మీద దాడిని వాతావరణం బాగాలేక ఒకరోజు వాయిదా వేశారు. 1944 జూన్ 5 తెల్లవారుజామున, ఇక ఆగేది లేదు, రేపే వెళ్దామని నిర్ణయించింది మిత్రరాజ్యాల దళాల సుప్రీం కమాండర్‌గా ఆయనే. ఆ రోజే పెన్సిల్‌తో నాలుగు వాక్యాలు రాసి పర్సులో పెట్టుకున్నాడు. దాడి విఫలమైతే లోకానికి ఇవ్వాల్సిన ప్రకటన అది. ఎంత టెన్షన్‌లో ఉన్నాడో తేదీ చూస్తే తెలుస్తుంది. జూన్ బదులు జూలై 5 అని వేశాడు.

ఆ చీటీలోని కొట్టివేతలు చూడు. మొదట దళాలను ఉపసంహరించడం జరిగిందనే తీరులో రాశాడు. దాన్ని కొట్టేసి, 'దళాలను నేను వెనక్కి రప్పించాను' అన్నాడు. తర్వాతి వాక్యం 'ఈ ఆపరేషన్' అని మొదలుపెట్టి, అదీ కొట్టేసి, 'దాడి చేయాలన్న నా నిర్ణయం' అని మార్చాడు. సైనికులు, వైమానిక దళం, నౌకాదళం ధైర్యంతో చేయగలిగిందంతా చేశారని రాసి, తప్పంటూ ఉంటే అది నా ఒక్కడిదేనని ముగించి, ఆ చివరి మాటల కింద గీత గీశాడు.

మన ఆఫీసు కాగితాలు నీకు తెలియనివి కావు. 'ఉత్తర్వులు జారీ చేయడమైనది', 'తగు చర్యలు తీసుకోబడును'. ఎవరు జారీ చేశారు, ఎవరు తీసుకుంటారు అంటే జవాబుండదు. నీ వ్యాసంలో కూడా 'దాడికి నిర్ణయం తీసుకోబడింది' అని ఉంది. ఆయన పెన్సిల్‌తో కొట్టేసిన వాక్యమే నువ్వు మళ్లీ రాశావు! ముందు దాన్ని మార్చు.

చీటీ రాసిన జూన్ 5 సాయంత్రమే ఆయన ఇంగ్లండ్‌లోని గ్రీన్‌హమ్ కామన్ ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లాడు. విమానాల నుంచి పారాచూట్లతో దూకే 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ కుర్రాళ్లు ముఖాలకు నలుపు పూసుకుని విమానాలెక్కడానికి సిద్ధంగా ఉన్నారు. పారాట్రూపర్లకు తీవ్ర నష్టం తప్పదని వైమానిక దళాల అధిపతి లీ-మలొరీ ముందే హెచ్చరించాడు. అయినా ఐసెన్‌హోవర్ పంపుతున్నాడు, పంపేముందు వాళ్ల ముఖాలు చూడ్డానికి వచ్చాడు. అప్పటి ఫొటోలో ఆయన ఎదురుగా నిలబడ్డ మిచిగన్ లెఫ్టినెంట్ మెడలో తన విమానం నంబరు 23 రాసిన అట్టముక్క వేలాడుతుంటుంది. ఆ రోజుతో అతనికి 22 ఏళ్లు నిండాయి. నువ్వేమో అక్కడ ఐసెన్‌హోవర్ మనసులో ఏం మెదిలిందో అరపేజీ రాశావు. అదంతా వద్దు. ఆ అట్టముక్క రాయి.

'ఆయన అన్ని యుద్ధాలకూ వ్యతిరేకి' అని నువ్వు రాసింది మాత్రం తప్పు. యుద్ధం పాపమని నమ్మింది ఆయన తల్లి ఐడా. కొడుకు దారి వేరు. యుద్ధంలో బతికినవాడిగా యుద్ధాన్ని ద్వేషిస్తున్నానని 1946లో ఒట్టావాలో అన్నాడు, నిజమే. కానీ అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో జర్మనీలోని ఓర్‌డ్రుఫ్ నాజీ నిర్బంధ క్యాంపులో శవాలను చూసి, రేపు ఎవరూ ఇది అబద్ధమనకూడదని పత్రికలవాళ్లనూ చట్టసభల సభ్యులనూ పిలిపించింది కూడా ఆయనే. ఆ యుద్ధం చేయక తప్పదన్న నమ్మకం ఆయనలో సడలలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టు, రాజీ కుదర్చకు.

ఆయుధాల ఖర్చు మీద అధ్యక్షుడిగా ఆయన చేసిన 1953 ఏప్రిల్ 16 ప్రసంగాన్ని ఒక్క లైనులో దాటేశావు. అప్పటికి సోవియట్ నేత స్టాలిన్ పోయి నెలన్నర కూడా కాలేదు. ఒక ఆధునిక బాంబర్ ఖర్చుతో 30కి పైగా ఊళ్లలో ఒక్కో ఇటుకల బడి కట్టొచ్చన్నాడు. ఒక్క ఫైటర్ విమానానికి 5 లక్షల బుషెళ్ల (బుషెల్ అంటే సుమారు 27 కిలోలు) గోధుమలు పోస్తున్నామన్నాడు. ఆ జులైలోనే కొరియాలో కాల్పులు ఆగాయి. 1961లో దిగిపోతూ, సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసి సంపాదించే పలుకుబడితో జాగ్రత్త అని హెచ్చరించాడు. సైన్యంలోనే జీవితం గడిపినవాడు అనబట్టే ఆ మాటకు అంత బరువు.

అయితే ఆయన హయాంలోనే అమెరికా అణ్వాయుధాలు ఎన్నో రెట్లు పెరిగాయి. 1953లో ఇరాన్‌లో, 1954లో గ్వాటెమాలాలో ప్రభుత్వాలను అమెరికా గూఢచార సంస్థ సీఐఏ కూలదోసింది, ఆయన ఆమోదంతోనే. అక్కడ 'నేను చేశాను' అన్న వాక్యం లేదు. ఇవి నీ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. ఆయన మీద గౌరవం ఉన్నవాడివి గనకే ఇవి నువ్వే రాయాలి.

1960 మేలో రష్యా గగనతలంలో అమెరికా యూ-2 గూఢచారి విమానం కూలినప్పుడు, అది వాతావరణ పరిశోధనకు వెళ్లిందని మొదట అమెరికా బొంకింది. పైలట్ ప్రాణాలతో తమ చేతుల్లో ఉన్నాడని సోవియట్ నేత కృశ్చేవ్ బయటపెట్టాక, కిందివాళ్ల మీదికి నెట్టే అవకాశం ఉన్నా ఐసెన్‌హోవర్ బాధ్యత తన మీద వేసుకున్నాడు. దాంతో ఆ నెలలోనే ఇద్దరూ కూర్చోవాల్సిన పారిస్ శిఖరాగ్ర సమావేశం చెడిపోయింది. చీటీ రాసిన మనిషీ, రహస్యాలు నడిపిన మనిషీ ఒకేచోట కనిపించేది ఇక్కడే. దీనికి ఒక పూర్తి పేజీ ఇవ్వు. చోటు చాలకపోతే బాల్యం, ఎన్నికల ప్రచారం కోసెయ్.

నెలాఖరులోగా తిరగరాసి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య