పాత బాకీ అడగవచ్చినవారికి సంతకం పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఏడేళ్ల కిందట వాయిదాలు ఆగిపోయిన నీ పర్సనల్ లోను తాలూకు వసూలు ఏజెంట్లు ఇప్పుడు ఇంటికి వచ్చి, "వెయ్యి రూపాయలు కట్టి ఈ కాగితం మీద సంతకం పెట్టండి చాలు" అంటున్నారని రాశావు. లెక్క తేలేవరకు ఆ వెయ్యీ కట్టవద్దు, ఆ సంతకమూ పెట్టవద్దు.

నేను ప్లీడరు గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో, ప్రోనోటు దావా వేయడానికి ఎవరు వచ్చినా ముందు నోటు తిప్పి వెనకవైపు చూసేవాళ్లం. నోటు రాసి మూడేళ్లు దాటినా, ఆ గడువు లోపలే అప్పు తీసుకున్న మనిషి వంద రూపాయలు ఇచ్చినట్టు చెల్లు రాసి సంతకం చేసి ఉంటే, ఆ చెల్లు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కకు వచ్చేవి. అది లేకపోతే నోటుకు కాలదోషం పట్టినట్టే, అంటే దావా వేసే గడువు దాటిపోయినట్టే. 1963 నాటి లిమిటేషన్ చట్టం తాకట్టు లేని బ్యాంకు అప్పుకూ మూడేళ్ల గడువే పెట్టింది. గడువు దాటాక ఉత్తినే బాకీ ఒప్పుకున్నంత మాత్రాన అది తిరిగి బతకదు గానీ, "ఇస్తాను" అని రాసి సంతకం చేస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద ఆ మాట కోర్టులో చెల్లుతుంది. వారు తెచ్చిన కాగితంలో ఉన్నది ఆ వాక్యమేనేమో చూడు.

అయితే కాలదోషం పట్టినంత మాత్రాన బాకీ మాసిపోదు. దావా వేసే దారి మాత్రమే మూసుకుపోతుంది. బ్యాంకు ఈపాటికే దావా గెలిచి డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తెచ్చుకుని ఉంటే దాన్ని అమలు చేయించుకోవడానికి పన్నెండేళ్ల వ్యవధి ఉంటుంది కనుక, ఆఖరి చెల్లింపు తేదీ, ఖాతా లెక్క, దావా వేశారా లేదా అన్న వివరం రాతపూర్వకంగా అడుగు. సమన్లు వస్తే మాత్రం గడువు దాటిందన్న ధీమాతో ఇంట్లో కూర్చోవద్దు. వకీలును పెట్టుకుని హాజరు కావాలి.

ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదనీ, బెదిరించకూడదనీ, బంధుమిత్రుల ఎదుట పరువు తీయకూడదనీ రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా ఆదేశించింది. అమ్మకు ఫోన్ చేసి ఏడిపించారని చదివి నాకు చాలా బాధ కలిగింది. దాన్ని మాత్రం ఊరుకోవద్దు. కాల్ వచ్చిన తేదీ, సమయం, నంబరు రాసిపెట్టి ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాసుకోవచ్చు. కొడతామని బెదిరిస్తే నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లు.

లెక్క చూశాక, తీర్చగల స్తోమత ఉంటే తీర్చడమే నా అభిమతం. కానీ సెటిల్‌మెంటు లేఖ బ్యాంకు పేరుతో చేతికి వచ్చాకే, ఏజెంటు చేతికి కాక నీ లోను ఖాతాలోకే జమచేసి, బాకీ లేదన్న పత్రం తీసుకో. బ్యాంకుకు రాసే ఉత్తరం చిత్తుప్రతి నాకు పంపు, దిద్ది ఇస్తాను.

ఇట్లు,
మీ మామయ్య