ఇంజన్ మార్చిన కారు ఎందుకు వేడెక్కుతోంది? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారి 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4లో పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ పూర్తిగా అరిగిపోవడంతో, ఒక కాంటెస్సా కారు నుంచి తీసిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజన్‌ను రెండేళ్ల కిందట పెట్టించాను. హైవే మీద 60లో వెళ్తే టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలుస్తుంది. గుంటూరు ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగితే ఎర్ర గీత దగ్గరకు వస్తుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా రెండుసార్లు రేడియేటర్ పొంగింది. మెకానిక్ సలహాపై థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్ వైపు దారి తెరిచే కవాటం) తీసేయించాను, రేడియేటర్‌కు కొత్త కోర్ (నీళ్లు పారే సన్నని గొట్టాల జాలీ) వేయించాను, ఎలక్ట్రిక్ ఫ్యాన్ కూడా పెట్టించాను. అయినా మార్పు లేదు. ఇంకా పెద్ద రేడియేటర్ వేయించమంటారా? — ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: ఇప్పుడే వద్దు. ఇంజన్ మార్చినప్పుడు మనం ఇంజన్‌నైతే తెచ్చుకుంటాం గాని, దానితో కలిసి పనిచేసిన రేడియేటర్, ఫ్యాన్, ఆ ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు, రేడియేటర్ మూత, మీటరు సెన్సర్ అన్నీ పాత బండిలోనే ఉండిపోతాయి. మీ అంబాసిడర్ రేడియేటర్ దాదాపు 50 హార్స్‌పవర్ ఇంజన్ కోసం చేసినది. ఇసుజు ఇంజన్ 75 హార్స్‌పవర్‌కు పైగా ఇస్తుంది, పెట్రోల్ కాలినప్పుడు పుట్టే వేడిలో సుమారు మూడో వంతు నీళ్లలోకే వెళ్తుంది. కాబట్టి రేడియేటర్ మీద అనుమానం సహజమే. కానీ మీ ఉత్తరంలోని ఆధారాలు ముందుగా వేరే వైపు చూపిస్తున్నాయి.

బండి ఎప్పుడు వేడెక్కుతుందన్నదే అన్నిటికన్నా పెద్ద ఆధారం. 60లో వెళ్తున్నప్పుడు గాలి తనంతట తానే రేడియేటర్‌లోకి దూసుకువస్తుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు గానీ, ఘాట్‌లో రెండో గేరులో పాతిక వేగంతో ఎక్కేటప్పుడు గానీ ఆ గాలి ఉండదు, ఫ్యానే లాగాలి. మీ బండి ఇబ్బంది పెడుతున్నది సరిగ్గా ఈ రెండు చోట్లే. అయితే సమతలం మీద 60లో ఇంజన్ తన శక్తిలో కొద్ది భాగమే వాడుతుంది కనుక, రేడియేటర్‌కు మార్కులు వేసే ముందు ఖాళీ రోడ్డు మీద 80, 85లో ఒక పావుగంట నడిపి చూడండి. అప్పుడు కూడా ముల్లు కదలకపోతే లోపం గాలి వైపే ఉందని నమ్మవచ్చు.

ముందుగా ఆ ముల్లు నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి. పాత డాష్‌బోర్డు మీటరుకు కొత్త ఇంజన్ సెన్సర్ కలిపితే రెండింటి లెక్క కుదరకపోవచ్చు, 85 డిగ్రీలకే ముల్లు ఎర్ర గీత చూపవచ్చు. థర్మోస్టాట్ గూడు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూసుకోండి, మెరిసే లోహం మీద అది తప్పు చూపుతుంది కాబట్టి అక్కడ కొంచెం నల్ల టేపు అంటించండి. రెండుసార్లు నిజంగానే పొంగింది కనుక మీ విషయంలో వేడి అబద్ధం కాదు, కానీ ఎంత వేడి అన్నది తెలియకుండా తర్వాతి పరీక్షలకు అర్థం ఉండదు.

తర్వాత ఫ్యాన్. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఫ్యాన్‌ను మాత్రమే తిప్పి, ఒక కాగితం ముక్కను ముందు జాలీకి ఆనించండి. కాగితం జాలీకి అతుక్కుని నిలబడితే గాలి లోపలికి వస్తున్నట్టు, వదిలిన వెంటనే జారి పడితే చాలినంత లాగడం లేదన్నట్టు, మీ చేతి మీదికి ఎగిరితే ఫ్యాన్ వైర్లు తారుమారై గాలిని ముందుకు ఊదుతున్నట్టు. మూడోది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే రెండు వైర్లు అటు ఇటు మార్చితే పోయే లోపానికి జనం వేలకు వేలు పోసి కోర్లు మార్పిస్తుంటారు. ఆపై ఇంజన్ ఐడిల్‌లో ఉండగా, హెడ్‌లైట్లు వేసి, ఫ్యాన్ ప్లగ్ దగ్గర వోల్టేజి కొలవండి. 13కు దగ్గరగా ఉండాలి. పాత డైనమో, సన్నని పాత వైర్లు, రిలే లేని స్విచ్ ఉన్న బండిలో అది 11కు పడిపోతుంది, ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది గాని గాలి ఉండదు. ఫ్యాన్ చుట్టూ కవరు లేకపోతే రేకుతో తప్పకుండా చేయించండి. అది లేకపోతే రెక్కలకు ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచి మాత్రమే గాలి వస్తుంది, నాలుగు మూలల కోర్ ఉత్తదైపోతుంది.

థర్మోస్టాట్ సంగతి. దాన్ని పీకేయడం మన షెడ్లలో పాతుకుపోయిన అలవాటు, చాలా ఇంజన్లలో ఇది చేటు చేస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని కింది బిళ్ల బైపాస్ దారిని మూసి, నీళ్లన్నిటినీ రేడియేటర్ వైపు పంపుతుంది. ఆ బిళ్లే లేకపోతే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహమే చూడకుండా మళ్లీ ఇంజన్‌లోకి తిరిగిపోతుంది. ఆ ఇంజన్‌కు సరిపడే 82 డిగ్రీల కొత్త థర్మోస్టాట్ తెచ్చి, బిగించే ముందు దారంతో కట్టి గిన్నెలోని నీళ్లలో అడుగుకు తగలకుండా వేలాడదీసి కాచండి. 82 దగ్గర సన్నటి సందు కనిపించి, 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకోవాలి.

రేడియేటర్ మూత కూడా చిన్న వస్తువు కాదు. పైన ఉన్న పీడనం ఒక్కో పీఎస్ఐ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) పెరిగే కొద్దీ నీళ్లు మరిగే డిగ్రీ సుమారు ఒకటిన్నర పెరుగుతుంది. 7 పీఎస్ఐ మూత ఉన్న బండి పొంగే చోట 13 పీఎస్ఐ మూత ఉన్నది పొంగకపోవచ్చు. కానీ పాత ఇత్తడి రేడియేటర్‌ను పీడనం పెట్టి పరీక్షించకుండా పెద్ద మూత బిగిస్తే టాంకు అతుకులు విడిపోతాయి, రేడియేటర్ షాపులో ఆ పరీక్ష చేయించాకే మార్చండి.

ఇంజన్ ఎత్తు మీద కూడా కన్నేయండి. కొత్త ఇంజన్ థర్మోస్టాట్ గూడు రేడియేటర్ పై టాంకు కంటే ఎత్తులో ఉంటే గాలి అక్కడే చిక్కుకుంటుంది, నీళ్లు నిండుగా ఉన్నా హెడ్ (సిలిండర్ల మీద బిగించే పై భాగం) లోపల ఎండిపోయిన చోటు మిగులుతుంది. ముందు చక్రాలు ఎత్తుగా ఉండే చోట బండి నిలిపి, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, ఇంజన్ నడుస్తుండగా నెమ్మదిగా నింపండి.

అప్పుడే ఇంకొకటి గమనించండి. చిక్కుకున్న గాలి బయటికి వచ్చాక బుడగలు ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, రెండుసార్లు పొంగిన హెడ్ వంగి, దాని కింద సందు మూసే గ్యాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించాలి. అప్పుడు ఫ్యాన్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు, హెడ్ విప్పవలసిందే.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) వెనక్కి లేదని లైటు పెట్టి చూసుకున్నాక కూడా ఘాట్‌లో పొంగితే, అప్పుడు పెద్ద రేడియేటర్ వేయించండి.

ప్రశ్న: మా పాత జీపులో పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టించాం. ఊళ్లో ఎంతసేపు ఆగినా వేడెక్కదు. 70 దాటితే పది నిమిషాల్లో ముల్లు పైకి పోతుంది, వేగం తగ్గిస్తే దిగుతుంది. — ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీ సమస్య పైదానికి సరిగ్గా తలకిందులు. ఫ్యాన్ బాగుంది, నీళ్లు సరిగ్గా పారడం లేదనిపిస్తోంది. బండి వేడెక్కాక నిలిపి, మూత బిగించే ఉంచి, ఒకరు ఆక్సిలరేటర్ నొక్కుతుండగా మీరు టార్చి వేసి కింది హోసు చూడండి, చేతులు మాత్రం బెల్టుకు దూరంగా ఉంచండి. వాటర్ పంపు నీళ్లను లాగేది ఆ హోసు గుండానే. కొత్త ఇంజన్‌కు కుదరాలని దొరికిన మెత్తటి రబ్బరు గొట్టం వేస్తే, వేగం పెరిగినప్పుడు అది పీల్చిన చెరుకు పిప్పిలా లోపలికి నొక్కుకుపోతుంది, ఇంజన్ నెమ్మదించగానే మళ్లీ ఉబ్బుతుంది. లోపల స్ప్రింగు ఉన్న, ఆ వంపుకే పోత పోసిన హోసు వేయించండి. హోసు గట్టిగానే ఉంటే కోర్ గొట్టాలు పూడుకుపోయి ఉండవచ్చు. వేడి రేడియేటర్ మీద చేయి దగ్గరగా తిప్పితే, పూడిన చోట్లు చల్లగా తెలుస్తాయి.

ఇంధనం కూడా మారింది కనుక, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

ప్రశ్న: మన దగ్గర మంచు కురవదు కదా, కూలెంట్ అవసరమా? బోరు నీళ్లు పోస్తే చాలదా? — ఒక పాఠకురాలు, నల్గొండ

సమాధానం: బోరు నీళ్లు అసలు పోయకండి. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పెచ్చే హెడ్ లోపల కూడా కడుతుంది, ఆ పెచ్చు వేడిని ఇనుము నుంచి నీళ్లలోకి పోనివ్వదు. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. కూలెంట్ మనకు కావలసింది మంచు కోసం కాదు, తుప్పు పట్టకుండా ఉండటానికి, మరిగే డిగ్రీ పెరగటానికి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం కూడా పొరపాటే. వేడిని మోసుకుపోవడంలో నీళ్లకున్న శక్తి కూలెంట్‌లోని ముఖ్య పదార్థమైన గ్లైకాల్‌కు లేదు కాబట్టి మూడు పాళ్లు కూలెంట్, ఏడు పాళ్లు డిస్టిల్డ్ వాటర్ మన ఎండలకు సరిపోతుంది. ముందే నీళ్లు కలిపి అమ్మే డబ్బా అయితే మళ్లీ నీళ్లు కలపవద్దు.