మీ అబ్బాయి ముక్కు వెనుక కణితికి బయాప్సీ ఎందుకు వద్దన్నారంటే

నమస్కారమండీ. పదిహేనేళ్ల మీ అబ్బాయికి ఒకవైపు ముక్కు మూసుకుపోయి పదేపదే నెత్తురు కారుతోందని, స్కాన్‌లో ముక్కు వెనుక, కపాలం అడుగుభాగాన కణితి కనిపించినా సర్జన్ బయాప్సీ వద్దన్నారని రాశారు. ముక్క తీయకుండా రోగం ఎలా తేలుతుందన్న మీ ఆందోళన సహజమే.

ఈ లక్షణాలు జువెనైల్ యాంజియోఫైబ్రోమాను సూచిస్తున్నాయి. ఇది దాదాపుగా కౌమారంలోని మగపిల్లలకే వచ్చే అరుదైన, క్యాన్సర్ కాని కణితి. అదే అయితే ఆయన నిర్ణయం సరైనదని నా అభిప్రాయం. ఈ కణితిలోని రక్తనాళాల గోడల్లో కండర పొర సరిగా ఉండదు కాబట్టి అవి తెగినప్పుడు ముడుచుకోలేవు. చిన్న ముక్క కోసినా ప్రాణాపాయమయ్యేంత రక్తస్రావం జరగవచ్చు. అందుకే కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా మందు ఎక్కించి తీసే) సీటీ, ఎంఆర్‌ఐలను బట్టే నిర్ధారిస్తారు. కణితి స్ఫీనోపాలటైన్ రంధ్రం (ముక్కు వెనుక భాగాన ఎముకలోని చిన్న సందు) దగ్గర మొదలై, మాక్సిలరీ సైనస్ (చెంప ఎముక లోపలి గాలి గది) వెనుక గోడను ముందుకు వంచడం బలమైన ఆధారం. సాధారణంగా శస్త్రచికిత్సకు 24 నుంచి 72 గంటల ముందు యాంజియోగ్రామ్ చేసి, ఎంబొలైజేషన్‌తో, అంటే కణితికి వెళ్లే రక్తనాళాలను లోపలి నుంచే మూసి, రక్తప్రసరణ తగ్గిస్తారు. పాథాలజీ పరీక్ష (కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూడటం) తీసేసిన కణితి మీదే జరుగుతుంది.

స్కాన్‌లో ఈ ఆనవాళ్లు లేకపోతే మాత్రం సంగతి వేరు. లింఫోమా, రాబ్డోమయోసార్కోమా వంటి క్యాన్సర్లు కావని తేల్చుకోవడానికి ఆపరేషన్ థియేటర్‌లో, రక్తం సిద్ధంగా ఉంచుకుని బయాప్సీ చేయవలసి రావచ్చు. కాబట్టి ఆ సైనస్ వెనుక గోడ వంగిందా, కణితి కంటిగూటిలోకి గానీ మెదడు వైపు గానీ పాకిందా అని మీ సర్జన్‌ను అడగండి. ఈలోగా మరెవరైనా క్లినిక్‌లోనే ముక్క తీస్తామంటే దయచేసి ఒప్పుకోకండి.